స్టీమరు మీద పోయిన అమ్మ

మా ఆయన సాలొమోను నలుగురిలో లేచి నోరు తెరిచాడంటే ఇక బర్మా అడవే.

దేశ రాజధానిలో, జనక్‌పురి కాలనీలో మా తెలుగు క్రైస్తవ సంఘానికి అప్పట్లో గుడి లేదు. శుక్రవారం సాయంత్రాలు నాగేంద్రమ్మ పెద్దమ్మ ఇంట్లో చాపలు పరుచుకుని కూడుకునేవాళ్లం. పాటలయ్యాక సాక్ష్యాలు. దేవుడు తనను ఏ గండం నుంచి గట్టెక్కించాడో ఒక్కొక్కరే లేచి చెప్పుకోవాలి. అందరివీ మామూలు గండాలే. ఒకరికి రాళ్ల జబ్బు తగ్గుతుంది, ఇంకొకరిని ఇంటివాడు ఖాళీ చెయ్యమనకుండా ఊరుకుంటాడు. నేను లేస్తే రెండు మాటల్లో ముగించేదాన్ని. పొద్దస్తమానం వార్డులో నిలబడి వచ్చినదాన్ని, ఇక్కడా నిలబడే ఓపిక ఎక్కడిది?

మా ఆయన లేస్తే మాత్రం పిల్లలు కూడా అల్లరి మానేసేవారు. రంగూనులో బియ్యం మిల్లు, మిల్లులోనే తండ్రి పోవడం, మనవాళ్లని వెళ్లిపొమ్మని అక్కడి సర్కారు తరమడం, స్టీమరులో చోటు కోసం తల్లీకొడుకులు కాచుకుని కాచుకుని విసిగి చివరికి కాలినడకన మణిపూరు దారి పట్టడం. ఆ తర్వాత జలగలు. ఆ తర్వాత సిపాయి.

"టార్చిలైటు ఎలుతురు నా మొకం మీద పడ్డాది. ఆడు నన్ను సూసినాడు. సూసి కూడా సూడనోడిలాగ ఎల్లిపోనాడు. ఆడి కళ్లు మూసింది ఎవులు? నా దేవుడు కాదా?" అనేవాడు. శ్రీకాకుళం వాళ్ల యాస. తాతల నాడు ఆ జిల్లా నుంచి ఓడెక్కి పోయినవాళ్లు, మాట మాత్రం వదల్లేదు.

ఆఖరున తల్లి. సరిహద్దు ఇంకొక్క పూట నడక ఉందనగా ఆవిడ జ్వరంతో పోయింది. పదిహేనేళ్లవాడు సత్తుపళ్లెంతో మట్టి తవ్వి తల్లిని పూడ్చాడు. జంతువులు తవ్వకుండా పైన రాళ్లు పేర్చాడు. "అక్కడ ఆమె ఒక్కతే పడుకుని ఉంది. ఆమె అక్కడుందని ఈ బూమ్మీద తెలిసినోడిని నానొక్కడినే. అందుకే పెతి వారం సెప్తన్నాను, మీకూ తెలాలని" అని కూర్చునేవాడు. నాగేంద్రమ్మ పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది. విన్న కథకే వారం వారం అన్ని కన్నీళ్లు ఎక్కడివో ఆవిడకి.

ఇంటికొచ్చాక నేను ఆటపట్టించేదాన్ని. "ఈసారి ఆ జలగల్ని కాస్త తగ్గించండి, పిల్లలు అన్నం ముట్టడం లేదు" అంటే ఆయన నవ్వి ఊరుకునేవాడు. నేను ఎన్ని అన్నా, ఆయన్ని చేసుకుందే ఆ సాక్ష్యం విని. బాపట్ల నుంచి స్టాఫ్ నర్సు ఉద్యోగానికి వచ్చిన కొత్తలో, ఎవరో లాక్కెళితే కూడికకి వెళ్లాను. నల్లగా, సన్నగా ఒకతను లేచి తల్లిని పూడ్చిన సంగతి చెప్పాడు. తల్లి కోసం అంత చేసినవాడు పెళ్లాన్ని వదిలేస్తాడా అనుకున్నాను. వదల్లేదు పాపం.

ఆయన ఆసుపత్రి ల్యాబులో అటెండరు, ఏళ్ల తరబడి టెంపరరీ. ఎనభై ఒకటిలో టెంపరరీ వాళ్లందరినీ పర్మనెంటు చేస్తామని కాయితాలు పంచారు. పుట్టిన ఊరు అన్న చోట ఈ మహానుభావుడు రంగూను అని రాసి ఇచ్చి వచ్చాడు.

"శ్రీకాకుళం అని రాస్తే చెయ్యి విరిగేదా?" అన్నాను.

"నాను పుట్టింది అక్కడ కాదు గదా జయా."

ఎక్కువ రోజులు పట్టలేదు, ఇంటికి నోటీసు వచ్చింది. నువ్వు పరదేశివి, ఏ అనుమతి మీద ఈ దేశంలో అడుగుపెట్టావో చూపించు, చూపించలేకపోతే వెళ్లిపో అని దాని సారం. వెళ్లిపోవడమంటే బస్సెక్కి పోవడమా? ముందు జైలు. తర్వాత బర్మా. ఆ బర్మా వాళ్లేమో, మేం వాళ్ల ఎంబసీకి వెళ్లి అడిగితే, మీ మొహాలు చూస్తేనే తెలుస్తోంది మీరు ఇండియావాళ్లని, మాకు సంబంధం లేదని కాయితం రాసిచ్చి పొమ్మన్నారు. అక్కడివాళ్లు ఇక్కడివాడంటారు, ఇక్కడివాళ్లు అక్కడివాడంటారు. మధ్యలో నేనూ, ఇద్దరు ఆడపిల్లలూ. నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

మా కాలనీలోనే భీమేశ్వరరావుగారని సెక్రటేరియట్‌లో సెక్షనాఫీసరు ఉండేవారు. వాళ్లమ్మగారికి రోజూ ఇంజక్షన్ చేసి వచ్చేదాన్ని. నోటీసు తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను. కళ్లజోడు పైకీ కిందకీ జరుపుకుంటూ చదివారు.

"దారి ఉంది సిస్టర్. తాతలు మన దేశంవాళ్లు కనుక పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇంటర్వ్యూకి పిలుస్తారు. అయితే ఒకటి. సర్కారు పంపిన స్టీమర్లలో వచ్చినవాళ్లకే ఆ గౌరవం. అడవిలో పడి నడిచి వచ్చాడని తెలిసిందా, దొంగచాటుగా చొరబడ్డవాడి కింద లెక్క. ఫైలు అక్కడితో సరి."

"స్టీమరు కాయితాలు అడగరా?"

"అడుగుతారు. బాపట్లలో మీ పుట్టింట్లో దాచితే దివిసీమ తుపానులో కొట్టుకుపోయాయనండి. అందులో ఊళ్లకు ఊళ్లే పోయాయి, కాయితాలొక లెక్కా? నేను అఫిడవిట్ రాసిస్తాను. ఇంటర్వ్యూ తర్వాత పోలీసాయన ఎంక్వయిరీకి ఇంటికొస్తాడు. చుట్టుపక్కల పంజాబీలే కదా, మంచివాడని చెబుతారు. అంతే."

ఇంటికొచ్చి వంటింట్లోనే ఆయన్ని కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాను. ఒకవైపు చపాతీలు కాలుస్తూ, ఒకవైపు ప్రశ్నలు వేస్తూ. ఏ రేవులో ఎక్కారు? ఏ రేవులో దిగారు? స్టీమరులో ఏం పెట్టారు? అన్నమూ పప్పూ అని చెప్పండి, ఎవరు కాదంటారు? ఆయన బడిపిల్లాడిలా తలదించుకుని అప్పజెప్పాడు. అబద్ధం ఆడనని మొండికేస్తాడని నేను భయపడ్డాను. అలా ఏమీ అనలేదు. చిన్నది వచ్చి ఒళ్లో పడుకుంది. దాని జుట్టు నిమురుతూ, "సరే, సెప్తాను" అన్నాడు.

అంతలోనే, "మరి మా అమ్మో?" అన్నాడు.

నా చేతిలో అట్లకాడ ఆగిపోయింది. అంత తెలివైనదాన్ని, ఆవిడ సంగతి మరిచాను. తల్లీకొడుకులు కలిసి బయలుదేరారని ఆసుపత్రిలో ఇచ్చిన కాయితాల్లోనే ఉంది. ఇద్దరూ ఎక్కిన స్టీమరులోంచి ఒక్కడే దిగితే రెండో మనిషి ఏమైనట్టు?

"స్టీమరు మీదే జ్వరంతో పోయిందనండి" అన్నాను.

"స్టీమరు మీద పోతే ఏటి సేస్తారు?"

"సముద్రంలో వేస్తారు."

ఆయన చిన్నదాన్ని ఎత్తుకెళ్లి పక్క మీద పడుకోబెట్టి వచ్చాడు. తర్వాత, "సంఘంలో ఎవులికీ ఈ సంగతి సెప్పొద్దు జయా. నా అబద్దం నాది. ఆల్లందరి సేతా ఆడించకు" అన్నాడు. నాకూ అదే మంచిదనిపించింది. నలుగురికి తెలిసిన అబద్ధం ఎంతసేపు నిలుస్తుంది? పైగా ఎంక్వయిరీ పంజాబీల దగ్గర. వాళ్లకి తెలుగూ రాదు, మా సాక్ష్యాలూ తెలియవు.

ఇంటర్వ్యూ రోజు సెలవు పెట్టి నేనూ వెళ్లాను. ఆ సర్కారు కచేరీలో వరండా నిండా జనం. సింధీలు, నేపాలీలు, ఢాకా నుంచి వచ్చినవాళ్లు, పసిపిల్లల తల్లులు. అందరి మొహాల్లోనూ ఒకటే భయం. మా పేరు పిలిచేసరికి మధ్యాహ్నం దాటింది. భార్యను కూడా రమ్మన్నారు. వెనక బెంచీ మీద కూర్చోబోతుంటే ఆఫీసరే పిలిచి ఆయన పక్కన కుర్చీ చూపించాడు.

ఆఫీసరు పెద్దవయసు పంజాబీ. నేననుకున్నట్టు అరిచేరకం కాదు. అదే మా కొంప ముంచింది. అరిచేవాడైతే మా ఆయన బిగుసుకుని పాఠం అప్పజెప్పి వచ్చేవాడు. ఈయనేమో నీళ్లు తాగమన్నాడు, పిల్లలెంతమంది అన్నాడు, ల్యాబులో పని ఎలా ఉంటుందన్నాడు. తర్వాత స్టీమరు. తర్వాత రేవు. మా ఆయన హిందీలో ఒక్కటీ తప్పకుండా చెప్పాడు. తుపాను దగ్గర ఆఫీసరే "హాఁ హాఁ, పేపర్లో చదివాను" అని తల ఊపాడు. నా గుండె కుదుటపడుతోంది.

"మరి మాతాజీ?" అన్నాడు ఆఫీసరు.

"జహాజ్ మీద... బుఖార్ వచ్చింది సార్."

"అక్కడే పోయిందా?"

"జీ."

"మరి..."

"సముద్రంలో వేశారు సార్."

ఆఫీసరు కలం కింద పెట్టాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మాదీ అవతల వైపే, లాయల్‌పూర్" అన్నాడు. "నలభై ఏడులో దేశం ముక్కలైనప్పుడు కాఫిలాతో, పెద్ద గుంపుగా నడిచి వచ్చాం. మా నానీ, మా అమ్మని కన్నతల్లి, నడవలేకపోయింది. కాలవ గట్టున కూర్చోబెట్టి, వెనక్కి వచ్చి తీసుకెళతామని చెప్పి వచ్చేశాం. ఎవరు వెనక్కి వెళతారు? మీ అమ్మకి సముద్రమైనా దొరికింది బేటా."

మా ఆయన మొహం చూశాను. పెదవులు కదులుతున్నాయి. ఆ అడవి, ఆ సత్తుపళ్లెం, ఆ రాళ్లు అన్నీ గొంతుదాకా వచ్చేశాయి. ఆ ఒక్క మనిషికి చెప్పుకుంటే ప్రాణం లేచివస్తుంది. నాకు తెలియదా? కానీ ఆ మనిషి ముందు మా ఫైలు తెరిచి ఉంది. టేబుల్ కింద ఆయన కాలిని గట్టిగా తొక్కాను. తప్పేముంది? మళ్లీ అలాంటి రోజు వస్తే మళ్లీ తొక్కుతాను.

ఆయన నోరు మూసుకున్నాడు. ఆఫీసరు కళ్లజోడు పెట్టుకుని ఏదో రాసుకుని, "ఠీక్ హై. ఎంక్వయిరీ రిపోర్టు రానీ. నా వైపు నుంచి అడ్డు లేదు" అన్నాడు.

బయటికొచ్చాక నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఈ పని కాగానే అశోకా రోడ్ మీద మనవాళ్ల క్యాంటీన్లో తెలుగు భోజనం తిని పోదామని ముందే అనుకున్నాం. తీసుకెళ్లాను. వేడి వేడి అన్నం, ముద్దపప్పు, గోంగూర, నెయ్యి. చుట్టూ తెలుగు మాటలు. ఆయన అన్నం కలిపాడు, కలుపుతూనే ఉన్నాడు, ముద్ద ఎత్తలేదు.

"గోంగూర బాగుంది, తినండి."

"మా అమ్మని సముద్రంలో పడేసినాను జయా."

"మెల్లగా! ఎవరైనా వింటారు."

"ఆ పెద్దాయన నమ్మీసినాడు. నన్ను బేటా అన్నాడు."

"నమ్మాలనే కదా చెప్పాం. పిల్లల మొహం చూడండి కాస్త" అని కసిరాను. ఆయన చెయ్యి కడుక్కుని లేచాడు. రెండు విస్తళ్ల భోజనం నేనొక్కదాన్నే తిని రాలేక, నేనూ లేచాను. అంత మంచి భోజనం పారేసుకుని వచ్చామే అని బస్సులో ఏడుపొచ్చింది. ఏడుపు భోజనం గురించి కాదని నాకూ తెలుసు.

ఆ శుక్రవారం నుంచి ఆయన సాక్ష్యానికి లేవలేదు. పాటలు పాడతాడు, ప్రార్థనలో తల వంచుతాడు, సాక్ష్యాల వేళకి చాప చివర్లు గిల్లుకుంటూ కూర్చుంటాడు. సంఘమంతా ఆయన వంక చూడటం, ఆయన కిందికి చూడటం. నాగేంద్రమ్మ పెద్దమ్మ నన్ను వంటింట్లోకి లాక్కెళ్లింది.

"ఏందే జయా, అబ్బాయి వాడిపోయాడు? కాయితాల గొడవేనా?"

"అదే పెద్దమ్మా. ఇంకా తేలలేదు."

"పిచ్చిదానా, అంత అడివిలో చెయ్యి వదలని దేవుడు ఈ కచేరీలో వదులుతాడా? నేను ఉపవాసముంటాను చూడు" అంది. ఉంది కూడా. డెబ్భై ఏళ్ల మనిషి వారం వారం మంచినీళ్లతో ఉంది మా కోసం. కన్నతల్లి అయినా అంత చేస్తుందా అంటే నేను చెప్పలేను.

ఎంక్వయిరీ పోలీసాయన వచ్చిన రోజున నేనూ ఆయనా డ్యూటీలో ఉన్నాం. తాళం చూసి పక్కింటి తలుపు కొట్టాడు. పక్కింటి ఆంటీ బంగారంలాంటి మనిషి. "బహుత్ షరీఫ్ లోగ్ హైఁ జీ" అని మమ్మల్ని ఆకాశానికెత్తి, చాయ్ పోసి, అంతటితో ఊరుకుంటే ఎంత బాగుండేది! "వీళ్ల గురించి పూర్తిగా తెలియాలంటే ఆ వెనక బ్లాకులో మద్రాసీ అమ్మ ఉంది, ప్రతి శుక్రవారం అక్కడే ఉంటారు" అని దారి చూపించి పంపింది. సాయం చేశాననుకుంది పాపం.

ఆ సాయంత్రం నేను ఇంట్లో అడుగుపెట్టీ పెట్టగానే నాగేంద్రమ్మ పెద్దమ్మ గిన్నెనిండా పులిహోరతో దిగింది. మొహం వెలిగిపోతోంది.

"మీ పని అయిపోయినట్టేనే! పోలీసాయన మా ఇంటికొచ్చాడు. సాలొమోను ఎలాంటివాడు అనడిగాడు. కూర్చోబెట్టి చెప్పాను చూడు! ఎలాంటివాడేంటి బాబూ, ఇలాంటివాడిని నువ్వు పుట్టాక చూసుండవు అన్నాను. మొదటి నుంచీ చెప్పాను. మిల్లు, స్టీమరులో చోటు దొరక్కపోవటం, అడివి, జలగలు. నా హిందీ నీకు తెలుసుగా, జలగని ఏమంటారో తెలియక చేత్తో చూపించాను. టార్చిలైటు దగ్గర ఆయన రాయటం ఆపేసి నన్నే చూశాడు. వాళ్లమ్మని పూడ్చిన కాడ ఏడ్చాననుకో. ఒక్క మాట వదల్లేదు. అమ్మాజీ, ఇదంతా సచ్ హైనా అన్నాడు. సచ్ కాకపోతే నా నాలుక కోసెయ్యి అన్నాను!"

 మంచం మీద కూలబడ్డాను. పెద్దమ్మ అది సంతోషమనుకుంది. నా నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. ఆ చేతిని విదిలించి, ఎంత పని చేశావే ముసలిదానా అని అరవాలనిపించింది. ఎలా అరుస్తాను? ఆవిడ చెప్పినదాంట్లో ఏ ముక్క తప్పని అరవను? వారం వారం ఆయన చెప్పిందే కదా, ఉన్నది ఉన్నట్టు. అబద్ధం చెప్పింది మేము.

ఆయన గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. నేను భయపడినట్టు కుప్పకూలలేదు. "అమ్మ సంగతి కూడా సెప్పినావా పెద్దమ్మా?" అన్నాడు.

"చెప్పకుండా ఉంటానా నాయనా? రాళ్లు పేర్చిన సంగతి కూడా చెప్పాను."

ఆయన లోపలికొచ్చి, ఆవిడ చేతిలోంచి గిన్నె అందుకున్నాడు.

పరుగెత్తుకుంటూ భీమేశ్వరరావుగారింటికి వెళ్లాను. ఆయన తలపట్టుకున్నారు. ఇప్పుడు రెండు తప్పులు సిస్టర్, అడవిలో రావడం ఒకటి, ఇంటర్వ్యూలో అబద్ధం చెప్పడం ఇంకొకటి అన్నారు. గదిలో అటూ ఇటూ తిరిగారు. చివరికి ఒక మాట చెప్పారు. "మళ్లీ పిలుస్తారు. పిలిచినప్పుడు ఒకటే అనాలి. ఆ ముసలావిడకి మతి స్థిమితం లేదు, కథలు అల్లుతుంది, హిందీ రాదు అనాలి. ఆఫీసరు మంచివాడంటున్నారు కదా, ఆ ముక్క దొరికితే రిపోర్టు పక్కన పెట్టొచ్చు. ఆవిడకేం నష్టం? జైల్లో పెట్టరు కదా."

నిజమే, ఆవిడకేం నష్టం? ఇంటికొచ్చి ఆయనకి చెప్పాను. ఆయన విన్నాడు. చెప్తానని గానీ చెప్పనని గానీ అనలేదు. నేను ఊరుకోలేదు. తిట్టాను, బతిమాలాను, పిల్లల్ని తెచ్చి ఎదురుగా నిలబెట్టాను. "మీకు పోయినవాళ్ల మీద ఉన్న ప్రేమ బతికున్నవాళ్ల మీద లేదా?" అని అడిగాను. అంత మాట అనకూడదంటారేమో. ఇంకేం మిగిలింది నా దగ్గర అనడానికి?

"నాకు జైలంటే బయమే జయా" అన్నాడు. 

మళ్లీ పిలిచారు. అదే గది, అదే ఆఫీసరు. ఈసారి నీళ్లు తాగమనలేదు. రిపోర్టు తెరిచి హిందీలో పైకి చదవడం మొదలుపెట్టాడు. మిల్లు. అడవి. జలగలు. టార్చిలైటు. నాగేంద్రమ్మ పెద్దమ్మ ముక్కలు ముక్కల హిందీని ఆ పోలీసాయన మంచి హిందీ చేసి రాశాడు. తల్లిని పూడ్చిన దగ్గరికి వచ్చేసరికి ఆఫీసరు గొంతు తగ్గింది. మా ఆయన కుర్చీలో ముందుకు వంగి, చెవులప్పగించి, తన సంగతి కాదన్నట్టు వింటున్నాడు. ఎన్ని నెలలైందో ఆయన మొహంలో ఆ వెలుగు చూసి. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆఫీసరు కాయితం మూశాడు. "ఆ రోజు మా నానీ సంగతి నీకెందుకు చెప్పానో నాకే తెలియదు. ఇంట్లో కూడా చెప్పను. నువ్వు కూర్చుని విన్నావు. వింటూ అబద్ధం చెప్పావు" అన్నాడు. కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

నేనే అందుకున్నాను. "సార్, ఆవిడ ముసలిది. మతి సరిగ్గా లేదు. కథలు చెబుతుంది. హిందీ కూడా రాదు."

ఆఫీసరు నన్ను చూడలేదు. మా ఆయన్నే చూశాడు. "నువ్వు చెప్పు. ఈ బుఢియా పిచ్చిదా? పిచ్చిదని రాస్తే ఈ రిపోర్టు వెనక్కి పంపుతాను. నాకు ఆ అధికారం ఉంది. చెప్పు."

తలుపు తెరిచి పట్టుకున్నట్టే కదా అది! ఒక్క మాట. జీ సార్ అంటే చాలు.  ఇంతమంది దేవుళ్లున్న ఈ దేశంలో అందరికీ మొక్కాను ఆ క్షణాన, పాస్టరుగారు విన్నా సరే.

"పిచ్చిది కాదు సార్" అన్నాడు మా ఆయన. "మా కోసం ఉపవాసాలుంది. ఆమె చెప్పిందంతా నిజం. మా అమ్మ సముద్రంలో లేదు సార్. కొండ దిగువన, రాళ్ల కింద ఉంది."

ఆఫీసరు కలం అందుకున్నాడు. దరఖాస్తు తోసిపుచ్చినట్టు రాశాడు. పోలీసుస్టేషన్లో హాజరు వేసుకోవాలన్నాడు. పంపించేదాకా ఊరు దాటకూడదన్నాడు. రాస్తూ రాస్తూ ఒకచోట ఆగి, "ఎక్కడికి పంపాలని రాయను?" అన్నాడు. నిజంగానే అడిగాడు. బర్మా వాళ్లు తీసుకోబోమన్న కాయితం కూడా ఆ ఫైల్లోనే ఉంది.

"జనక్‌పురి పంపండి!" అని అరిచాను. "ఆయనకి ఇల్లుంది. ఇద్దరు పిల్లలున్నారు. నేనున్నాను. ఇంకెక్కడికి పంపుతారు? జనక్‌పురి అని రాయండి!" వరండాలో వాళ్లు తలుపు దగ్గరికొచ్చి చూశారు. గుమాస్తా వచ్చి నా భుజం పట్టుకున్నాడు. ఆఫీసరు తల ఎత్తకుండా, బర్మా అని రాశాడు.

దారి పొడుగునా నేను ఆయనతో మాట్లాడలేదు. బస్సులో వేరే సీట్లో కూర్చున్నాను. ఈ మనిషిని ఎందుకు కట్టుకున్నానా అని ఆ ఒక్కరోజే అనుకున్నాను, మనస్ఫూర్తిగా అనుకున్నాను. స్టాపులో దిగాక ఆయన నా చేతిలో సంచీ అందుకోబోతే ఇవ్వలేదు.

ఇంట్లో పిల్లల్ని కనిపెట్టుకుని నాగేంద్రమ్మ పెద్దమ్మ ఉంది. పొద్దున్నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదట. మమ్మల్ని చూడగానే గోడ పట్టుకుని లేచింది.

"ఏమన్నారు నాయనా? నా మాట నమ్మారా?"

నేను నోరు తెరవబోయాను. ఆయన నాకంటే ముందే వెళ్లి ఆవిడ ముందు వంగాడు.

"నమ్మినారు పెద్దమ్మా. నువ్వు సెప్పిందే రాసుకున్నారు."

ఆవిడ రెండు చేతులూ పైకెత్తి, కళ్ల వెంట నీళ్లు కారుతుండగా దేవుడికి స్తోత్రాలు చెప్పింది. ఆవిడ సంతోషం చూసి పిల్లలు చప్పట్లు కొట్టారు. చిన్నది "పాపా పాస్ హో గయే, పాపా పాస్ హో గయే" అని గంతులేసింది. ఆయన దాన్ని ఎత్తుకుని నా వైపు చూశాడు. పెద్దమ్మకి ఉపవాసం విడిపించాలి కదా, నేను బియ్యం కడగడానికి లోపలికి వెళ్లాను.